నాలుగో పట్టీ

ఆదివారం పొద్దున టీ తాగుతూ ఆడిన ఒక చిన్న అబద్ధం ఇంత పని చేస్తుందని నిదానం కలలో కూడా అనుకోలేదు. కూలీలు దొరకరు అన్నాడు. అన్నది అంతే.

"ఎందుకు దొరకరు?" అంది భార్య.

"ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. నా కట్టు విప్పాక చూద్దాంలే. పన్నెండేళ్ళుగా ఉన్న పొదలు ఇంకో రెణ్ణెల్లుంటే ఏం కొంపలు మునుగుతాయి?"

"మునుగుతాయి. గురువారం సర్వేయరు వస్తున్నాడు. పక్కింటి టీచరమ్మ గోడ కట్టుకోవాలట, హద్దు కొలిపిస్తుందట. మొన్న గేటు దగ్గర నన్ను ఆపి ఏమందో తెలుసా? 'మీ పెరడు అడివిలా ఉందమ్మా, అందులో రాయి ఎక్కడుందో ఏమో' అంది. అంటే ఏమిటి దానర్థం? మనమేదో దాచిపెట్టామనేగా."

నిదానం టీ గ్లాసులోకి చూశాడు. టీచరమ్మ ఏ ఉద్దేశంతో అన్నదో గానీ, అన్నది మాత్రం అక్షరాలా నిజం.

నిదానం అతని అసలు పేరు కాదు. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళలో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదని డిపోలో ఆ పేరు పెడితే, అది ఇంటిదాకా వచ్చి కూర్చుంది. అంత జాగ్రత్త గల మనిషి, ఆగి ఉన్న బస్సుకి అద్దం తుడుస్తూ మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చూడ్డానికొచ్చిన డిపో వాళ్ళు నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడి వెళ్ళారు. తొడదాకా పిండికట్టు. పొద్దున లేవగానే భార్య చంక కింద చెయ్యేసి తెచ్చి వెనక వసారాలో కుర్చీలో కూర్చోబెడుతుంది, కాలు ఎత్తి స్టూలు మీద పెడుతుంది. ఆ తర్వాత ఆమె వచ్చి లేపేదాకా అతనికి కనబడేది పెరడే.

పెరటి వెనక మూల, ఆ ముళ్ళకంపల నడిమధ్య, మోకాలెత్తు కూడా లేని రాతిముక్క ఒకటుంది. అదే రెండిళ్ళ మధ్య హద్దురాయి. న్యాయంగా కంచెలో ఉండాల్సింది, కంచెకి మూడడుగులు ఇవతల వీళ్ళ పెరట్లో ఉంది. రాయి జరగలేదు. జరిగింది కంచె. జరిపింది నిదానం. పెరట్లో భార్యకి కుట్టుపని గది కట్టిస్తున్నప్పుడు, ఆమె కటింగ్ బల్ల పెడితే మిషనుకి చోటు మిగలడం లేదని తేలింది. పక్క స్థలం అప్పుడు ఖాళీగా పడి ఉంది. ఆమె చెల్లెలి కాన్పుకని వెళ్ళి నెల రోజులైంది, వచ్చేసరికి గది సిద్ధంగా ఉండాలని అతని ముచ్చట. "ఎవరు అడగొచ్చార్లెండి" అన్నాడు మేస్త్రీ. రాయిని కూడా పీకేద్దామని గడ్డపార వేసి చూశాడు గానీ, అది ఎంత లోతున పాతిందో కదిలితే ఒట్టు. అప్పుడు దాని చుట్టూ ముళ్ళమొక్క కొమ్మలు నాటి చేతులు దులుపుకున్నాడు. మిగతాది వానలే చూసుకున్నాయి.

"సరే అయితే," అంది భార్య ఖాళీ గ్లాసు అందుకుంటూ. "కూలీలు దొరక్కపోతే నేనే కొడతాను."

నిదానం నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వీధిలో అందరూ ఆమెని కొలతలమ్మ అంటారు. గుడ్డని మూడుసార్లు కొలిస్తేగానీ కత్తెర పెట్టదు. పెరడు విషయంలోనూ అదే వరస. మొదట కుట్టుగదిలోకి పోయి పాత జీన్స్ ప్యాంటు కాళ్ళు కత్తిరించి మోచేతులదాకా వచ్చే తొడుగులు కుట్టుకుంది. నిదానం ఖాకీ చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుంది. తలకి తువ్వాలు చుట్టింది. తర్వాత నాలుగు చోట్ల పుల్లలు పాతి, దారం కట్టి, ఇంటి వసారా నుంచి వెనకదాకా పెరటిని నాలుగు పట్టీలుగా చేసింది. "రోజుకొకటి. ఆదివారం ఇది, సోమవారం అది, మంగళవారం అది. బుధవారం సాయంత్రానికి ఆ చివరిది, కంచె వెంబడి. గురువారం సర్వేయరు ఎక్కడ కావాలంటే అక్కడ టేపు వేసుకోవచ్చు."

ఆ చివరిదే రాయున్న పట్టీ. బుధవారం సాయంత్రం అన్నమాట. తన ఆయుష్షు ఎప్పటిదాకానో దారం కట్టి మరీ చూపించినట్టయింది నిదానానికి.

మొదటిరోజు ఆమెకి కత్తి పట్టుకోవడం కూడా తెలియలేదు. పొదకి ఎదురుగా నిలబడి పైనుంచి కొట్టింది. కొమ్మలు వంగి, లేచి, మొహం మీద కొట్టాయి. పదిసార్లు అలా తిని, పక్కకి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని మొదళ్ళు చూసింది. తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో కుట్టు విప్పేటప్పుడు దారం వెతుక్కున్నట్టు వెతుక్కుంది. ఆ తర్వాత ఆమెకి తిరుగులేకపోయింది. కింద రెండు దెబ్బలు, పైన ఒక లాగు. కొట్టింది కొట్టినట్టు పాత దుప్పటి మీద పేర్చి, నాలుగు మూలలూ పట్టి గేటుదాకా ఈడ్చుకుపోతోంది. మధ్యాహ్నానికి ఖాకీ చొక్కా వీపు మీద తడిసి అతుక్కుపోయింది. మెడ మీద ముల్లు గీరుకుని సన్నగా రక్తం కారితే కొంగుతో అద్దుకుంది.

"పాములుంటాయి," అన్నాడు నిదానం.

"ఉండనీ. ఈ పొదల్లోంచే ఒకటి టీచరమ్మ స్నానాలగదిలోకి పోయిందట. మన పాములకి మనం జవాబు చెప్పుకోవద్దా?"

"దురదగొండి కూడా ఉంది. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి."

"అందుకేగా తొడుగులు."

పక్షి గూళ్ళున్నాయన్నాడు. ఆమె వెళ్ళి వెతికి, ఒకటుంటే ఆ కొమ్మని మాత్రం వదిలేసి చుట్టూ కొట్టింది. సాయంత్రానికి మొదటి పట్టీ తీర్చిన పాపిడిలా తెల్లగా తేలింది. ఆమె వచ్చి వసారా మెట్టు మీద కూలబడి, తొడుగులు లాగి, అరచేతులు చూపించింది. రెండు చేతులా బొబ్బలు. అతను తన చేతిలోకి తీసుకుని ఊదాడు. అంతకన్నా ఏం చేయగలడు.

సోమవారం రెండో పట్టీలో తుమ్మచెట్టు అడ్డం వచ్చింది. పెద్దదేమీ కాదు, తొడంత లావు. భార్య చేతిరంపం పెట్టి ఒకవైపు నుంచే కోసుకుంటూ పోయింది. సగం దాటాక చెట్టు బరువు రంపం మీద కూర్చుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఆమె కాలు తన్నిపెట్టి లాగింది. రంపం ఊగింది గానీ ఊడలేదు.

నిదానానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. వదిలెయ్, నీవల్ల కాదు అంటే సరిపోతుంది. ఆమెకీ ఆ క్షణంలో వదిలెయ్యాలనే ఉంది, భుజాలు చూస్తే తెలుస్తోంది. కానీ ఇరవై రెండేళ్ళుగా పక్కవాడు గేరు తప్పువేస్తే ఓర్చుకోలేని మనిషి. పని చెడుతుంటే చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాదు.

"అలా కాదు," అన్నాడు, నోరు దానంతటదే తెరుచుకుని. "సందులో కర్రమేకు దూర్చి సుత్తితో కొట్టు, రంపం వదులవుతుంది. ఆ తర్వాత చెట్టు ఏవైపు పడాలో ఆవైపు నుంచి ముందు కాస్త కొయ్యి. అప్పుడు వెనకనుంచి వస్తే బిగుసుకోదు. పైకొమ్మకి తాడు కట్టడం మర్చిపోకు."

ఆమె అలాగే చేసింది. చెట్టు తాడు లాగినవైపే, దారాల మధ్యన, చెప్పినట్టు పడింది. భార్య నడుము మీద చేతులు పెట్టుకుని వసారా వైపు తిరిగి నవ్వింది. పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టు నవ్వింది. "కాలు విరిగితేనేం, పని మీరే చేసినట్టుంది," అంది. నిదానానికి ఏడుపొచ్చినంత పనైంది.

మంగళవారం మధ్యాహ్నం అతను చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు. మూడో పట్టీ సగం అయింది. ఎండ మండుతోంది. ఆమె మంచినీళ్ళకి వచ్చి, చెంబెత్తి గటగటా తాగి, మిగిలిన నీళ్ళు మొహం మీద పోసుకుంది.

"ఇదిగో, ఇలా కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి."

ఆమె కూర్చుంది.

"ఆ గది కట్టినప్పుడు..."

"నేనూ ఇందాకట్నుంచీ అదే అనుకుంటున్నా," అంది ఆమె కాళ్ళు చాపుకుంటూ. "అటు కొడుతూ గది గోడ చూసుకుంటుంటే గుర్తొచ్చింది. చెల్లి దగ్గర్నుంచి వచ్చి తలుపు తీసేసరికి బల్లా, మిషనూ రెండూ పట్టేంత గది. నాకు నోట మాట రాలేదు. మా వాళ్ళలో ఏ ఆడదానికీ తనకంటూ ఒక గది లేదు. మా అమ్మ చచ్చేదాకా వంటింటి గుమ్మంలో కూర్చుని కుట్టింది. ఇప్పుడా టీచరమ్మ మన మీద అనుమానపడితే నాకు కోపం రాదా మరి? మీరు పైసా పైసా కూడబెట్టి కట్టింది." చెంబు బోర్లించి లేచింది. "ఇంతకీ మీరేదో చెప్పబోయారు?"

"ఏం లేదు. ఆ గది కట్టినప్పుడు మిగిలిన గడ్డపార అటకమీద ఉందేమో చూడు. వేళ్ళకి పనికొస్తుంది."

ఆమె వెళ్ళి తెచ్చుకుంది. పన్నెండేళ్ళ క్రితం ఆ రాయి మీద వేసిన గడ్డపార అదే. తన నోటితో తనే దాన్ని ఆమె చేతికిచ్చాడు. తన తెలివిని తనే మెచ్చుకోవాలి.

బుధవారం పొద్దున టీచరమ్మ వచ్చింది. కంచె అవతల నిలబడి చాలాసేపు చూసి, చుట్టూ తిరిగి గేటు గుండా లోపలికొచ్చింది. రిటైరైన మనిషి. ఈ ఇల్లు కొనుక్కుని ఏడాదైంది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. కొలతలమ్మ మోచేతుల మీద గీతలు చూసి నొచ్చుకుంది.

"ఇంత కష్టం నీచేత చేయించాను. నేనన్న మాటకేనా?"

"అనుమానం పోవాలిగా అండీ."

"పోయిందమ్మా. నిజం చెప్పొద్దూ, కంచె చూసి నాకు ఏదో తేడాగా అనిపించింది. గేటు దగ్గర బాగానే ఉండి వెనక్కి పోయేకొద్దీ నావైపు ఒరిగినట్టు లేదూ? కానీ తప్పున్నవాళ్ళయితే ఇలా ఒళ్ళు చీరుకుని పొదలు కొట్టుకుంటారా? నా జాకెట్లలో మిగిలిన గుడ్డ పీలికలు కూడా మడతపెట్టి ఇచ్చే మనిషివి నువ్వు. సర్వేయరుకి ఫోను చేసి రావద్దని చెప్పేస్తాను. కంచె ఉన్నచోటే గోడ కట్టుకుంటాను."

వసారాలో నిదానం కుర్చీలో వెనక్కి వాలాడు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. ఇరవై రోజుల్లో మొదటిసారి కట్టులోపల కాలు నొప్పి తెలియలేదు.

"వద్దండీ," అంది భార్య. "రానివ్వండి. ఇవాళ మీరు సరే అంటారు, రేపు గోడ చూసినప్పుడల్లా మనసులో మెదులుతుంది. ఆ ఒక్క పట్టీ మిగిలింది. సాయంత్రానికి రాయి మీకు చూపిస్తాను."

టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, ఖాకీ చొక్కాకి అంటుకున్న ముల్లు ఒకటి తీసి పారేసి వెళ్ళింది.

నాలుగో పట్టీ మిగతా వాటిలా లేదు. కంప గట్టిది, మొదళ్ళు బొటనవేలంత. ఆమె వసారా వైపు నుంచి మొదలుపెట్టి, గది గోడ పక్కగా వెనక్కి పోయింది. నిదానానికి కత్తి దెబ్బలు లెక్కపెట్టడం తప్ప పనిలేకపోయింది. మూడున్నరకి దెబ్బలు ఆగిపోయాయి.

ఆమె వీపు కనబడుతోంది. వంగి, రెండు చేతులతో కొట్టిన కంప పక్కకి తోసింది. రాయి కనబడిందని అతనికి అర్థమైంది. ఆమె లేచి నిలబడి, రాయి దగ్గర్నుంచి గేటు వైపు చూసింది. హద్దుకి ముందు కొసన, గేటు దగ్గరున్న రెండో రాయి అక్కడినుంచి సూటిగా కనబడాలి. మధ్యలో గది గోడ అడ్డంగా ఉంది. ఆమె తల కాస్త ఇటూ అటూ వంచి చూసింది. గోడ జరగలేదు. మెడలో వేలాడే టేపు తీసి, రాయి నుంచి కంచెదాకా పరిచి, వంగి అంకె చదివింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కూడా కొలిచింది.

ఇంతవరకైతే నిదానం దగ్గర జవాబుంది. మేస్త్రీ పొరపాటు, నేను డ్యూటీలో ఉన్నాను, ఎవరికి తెలుసు. మూడు రోజులుగా ఆ మాటలు నోట్లో నానబెట్టుకునే కూర్చున్నాడు. కానీ ఆమె టేపు చుట్టెయ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చుని రాయి చుట్టూ మిగిలిన కంప మొదళ్ళని చేత్తో తడిమింది. ఒక మొదలు నుంచి ఇంకో మొదలుకి టేపు పెట్టింది. అక్కడినుంచి ఇంకోదానికి. అలా రాయి చుట్టూ తిరిగొచ్చింది. గాలికి పడ్డ గింజలు మొలిస్తే ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా ఉంటాయి. ఇవి జానెడుకొకటి చొప్పున, చొక్కాకి గుండీల్లా ఉన్నాయి. నాటినవాడు నిదానస్తుడు. ఏ పని చేసినా కొలతగా చేసేవాడు.

ఆమె వసారా వైపు తిరగలేదు. తర్వాత లేచి, మిగిలిన కంప కూడా కొట్టి, దుప్పటిలో వేసుకుని గేటుదాకా ఈడ్చుకుపోయింది. గడ్డపార తెచ్చి వసారా గోడకి ఆనించింది. కాళ్ళూ చేతులూ కడుక్కుంది. ఎప్పటిలాగే అతని చంక కింద చెయ్యేసి లోపలికి తీసుకుపోయి, కంచం ముందు పెట్టింది. సాయంత్రానికి రాయి చూపిస్తానని చెప్పి కూడా టీచరమ్మ దగ్గరికి వెళ్ళలేదు.

అతను అడుగుతుందేమోనని చూశాడు. అడిగితే చెప్పేసేవాడు. ఒక్క మాట, ఎందుకు చేశారని అడిగినా చాలు, కాళ్ళు పట్టుకునేవాడు. ఆమె మజ్జిగ కావాలా అని అడిగింది.

గురువారం పదింటికి సర్వేయరు వచ్చాడు. టీచరమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. పెరడంతా బట్టతలలా నున్నగా ఉంది. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఆ రాయే కనబడుతోంది. సర్వేయరు సంచీ దించి టేపు తీసేలోపే భార్య మొదలుపెట్టింది.

"రాయి అదిగో, అక్కడుంది. కంచె టీచరమ్మగారి వైపు జరిగింది. మూడడుగుల రెండంగుళాలు. ఆ మేరకి గది ఆవిడ స్థలంలో ఉంది."

సర్వేయరు ఆమెని ఎగాదిగా చూసి, కొలిచి, "సరిగ్గా అంతే," అన్నాడు.

టీచరమ్మ పాపం తనే తప్పు చేసినట్టు కంగారుపడింది. "అయ్యో, కట్టినవాళ్ళ పొరపాటేమో. అప్పట్లో ఇటువైపు ఏమీ లేదట కదా."

"పొరపాటు కాదండీ. రాయి కనబడకుండా చుట్టూ కంప నాటారు. పొరపాటున ఎవరూ కంప నాటరు."

"ఎవరు నాటారు?"

భార్య అప్పుడు వసారా వైపు చూసింది. నిన్న మధ్యాహ్నం తర్వాత అదే మొదటిసారి అతని మొహం చూడటం. సూదిలోకి దారం ఎక్కించేంతసేపు చూసింది. కోపంగా లేదు. ఎదురుచూస్తున్నట్టుంది. నిదానానికి డిపో గుర్తొచ్చింది, వీధి గుర్తొచ్చింది, ఇరవై రెండేళ్ళ మంచిపేరు గుర్తొచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయినట్టు కదిలాడు. కట్టుకాలు స్టూలు మీద బరువుగా ఉంది. కదలడం అంతటితో అయిపోయింది.

"నేనే," అంది భార్య, టీచరమ్మ వైపు తిరిగి. "నా బల్ల పట్టలేదు. ఆయన పొద్దున బస్సెక్కితే రాత్రికి దిగేవారు. దగ్గరుండి కట్టించుకుంది నేను."

అప్పుడామె ఊళ్ళోనే లేదు. ఆ సంగతి ఆ పెరట్లో తెలిసినవాళ్ళు ఇద్దరే. విరిగింది కాలేగానీ నోరు కాదు. కాదండీ అంటే సరిపోయేది. అంత చిన్న మాట. నిదానం దానికోసం లోపలంతా వెతుక్కున్నాడు, దొరికింది కూడా, పెదాలదాకా వచ్చింది. ఈలోగా టీచరమ్మ మాట్లాడింది.

"నిన్న పొద్దున నేను అన్ని మాటలంటే వింటూ నిలబడ్డావు కదమ్మా." గొంతు పెంచలేదు. అసలు ఎప్పుడూ పెంచదు. "నిన్ను ఎంత గొప్పగా అనుకున్నానో."

కొలతలమ్మ తలొంచుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఊరివాళ్ళ గుడ్డలు కత్తిరిస్తూ ఒక్క అంగుళానికి కూడా ఒకరిచేత మాటపడని మనిషి, నెత్తురుచారలు ఆరని చేతులు వెనక్కి పెట్టుకుని ఆ మాట పడింది. సర్వేయరు రంగు డబ్బా తీసి గది గోడ మీద పైనుంచి కిందకి ఎర్రగీత గీశాడు. నెల లోపల గోడ అక్కడిదాకా తీసెయ్యాలన్నాడు. ఆమె సరేనంది. లోపలున్నవి ఇప్పటినుంచే సర్దుకోవాలి అంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

సర్వేయరు సంచీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. టీచరమ్మ అతని వెనకే వెళ్తూ వసారా దగ్గర ఆగింది. నిదానాన్ని చూసిన ఆవిడ కళ్ళలో నిజంగానే జాలి ఉంది.

"మీకు ఇదంతా తెలీదన్నమాట పాపం," అంది. "కాలెలా ఉంది ఇప్పుడు?"

"పర్లేదండీ," అన్నాడు నిదానం. "తగ్గుతోంది."

మాట బాగానే వచ్చింది, గట్టిగానే వచ్చింది. గదిలో బల్ల లాగుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.